రేగడిలో దిగబడ్డ గుర్రం

వాన పడ్డ రేగడి వాసన వస్తే ఇప్పటికీ నా నడుము బిగుసుకుంటుంది.

నిజాం కాలంలో, మక్తల్ దగ్గర మా ఊళ్లో, మా బాపు వెట్టికి దొర గుర్రాన్ని సాకేవాడు. తేలికగా ఉంటానని పందెంలో నన్నెక్కించి, పడకుండా తువ్వాలతో జీనుకు కట్టేవారు. ఎర్రచెలక మెట్టనేలలో మా గుర్రానికి ఎదురులేదు. గెలిచినప్పుడల్లా మరుసటి పందేనికి దాని మీద ఇసుక సంచి బరువు పెంచేవారు. అది బహుమానమనుకుని మురిసిపోయేవాణ్ణి. మంచి గుర్రాన్ని మిగతావాటితో సమం చేయడానికే ఆ బరువని పెద్దయ్యాక గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నాను.

ఒకసారి వాన వెలిసిన మర్నాడు రేగడి చేలో పందెం పెట్టారు.

"నేల మెత్తగున్నది దొరా. గీ బరువుతోని కాళ్లు దిగబడ్తయి. పోరడు పైనున్నడు," అన్నాడు బాపు.

"గుర్రానికి లేని భయం నీకెందుకురా? ఉరికియ్యి!"

సగం దూరంలో గుర్రం మోకాళ్లదాకా దిగబడింది. అది గుంజుకున్నకొద్దీ తువ్వాల ముడి నా నడుముకు బిగిసింది.

"బాపూ, ఇప్పే!" అని ఏడ్చాను.

"ఏందిరా, నీ కొడుకు నాట్లేస్తున్నడా?" అని దొర చుట్టాలు నవ్వారు.

బాపు గట్టు మీదే నిలబడి దొర ముఖం చూస్తున్నాడు. బురదకు జంకాడని చాలా ఏళ్లు అనుకున్నాను. ఆయన కాళ్ల కింద ఉన్నది గట్టి నేలే. అయినా దొర చెయ్యి ఊపేదాకా అడుగు వేయడానికి ఆయనకు వీల్లేదు.