షోవా మాటకు నేను చెప్పిన అర్థం

మొన్న శుక్రవారం ఇక్కడ కువైట్‌లో, సాల్మియాలోని మా ప్రార్థన కూటంలో, కొత్తగా ఉద్యోగానికొచ్చిన ఒక నర్సమ్మాయి ఫోను చూసి షోవా అనే హెబ్రీ మాటకు అర్థం చెప్పింది. మహావినాశనమని, యూదులు తమ జనానికి జరిగిన ఊచకోతకు పెట్టుకున్న పేరు అదేనని, ఇంగ్లీషులో వాడే హోలోకాస్ట్ అన్న మాటకు మూలంలో దహనబలి అన్న అర్థం ఉండటంతో, పోయినవాళ్ళు ఎవరికీ బలి కాదు కదా అని చాలామంది దాన్ని వద్దంటారని చెబుతుంటే అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం తల దించుకుని కూర్చున్నాను.

ఆ మాట నాకు కొత్త కాదు. నేను కువైట్ వచ్చిన తొలి రోజుల్లో ఇలాంటి ఫోన్లెక్కడివి, లావుపాటి బైబిలు నిఘంటువు ఒకటి కొనుక్కుని, ఆసుపత్రిలో డ్యూటీ అయ్యాక దాని ముందే కూర్చునేదాన్ని; మిడిమిడి జ్ఞానమే గానీ కూటంలో మాట్లాడమంటే తగని హుషారు. అప్పట్లో ఎగైలాలో ఒక ఇంట్లో వంట చేసే అక్క, మా నరసాపురం వైపు మనిషి, మామాను, అంటే ఆ ఇంటి యజమానురాలిని, బతిమాలి రెండు గంటలు సెలవు తెచ్చుకుని కూటానికి వచ్చేది. ఆవిడ ఇక్కడుండగానే అక్కడ ఉప్పెన వచ్చి ఇద్దరు పిల్లలూ కొట్టుకుపోయారు. కడసారి చూపు కూడా దక్కలేదు. ఇది నా పాపం వల్లేనా అని ఆవిడ అడిగితే, తెలియదని ఊరుకోవచ్చు కదా, ఊరుకుంటే నేనెందుకవుతాను! జెఫన్యా ఉగ్రత దినం గురించీ, యెషయా దూరం నుంచి వచ్చే నాశనం గురించీ చెప్పిన చోట షోవా అనే మాటే ఉందని, దేవుడికి కోపం వస్తే వచ్చేది అదేనని అందరి ముందూ వివరంగా చెప్పేశాను.

ఆ తర్వాత ప్రభువు బల్ల జరిగి, ప్రభువును తలుచుకుంటూ రొట్టె పంచుకున్న ప్రతిసారీ పళ్ళెం తన దాకా వస్తే, ఆ అక్క ముట్టకుండా పక్కవాళ్ళకు అందించేసేది. పాపం ఒప్పుకోనివాళ్ళు ఆ రొట్టె ముట్టకూడదు కదా, ఏదో పాపం దాచుకుందిలే అనుకున్నాను, నా బుద్ధి తగలెయ్య.

కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం యోబు గ్రంథం చదువుతుంటే మళ్ళీ అదే మాట తగిలింది. అక్కడ అది ఎవరి పాపానికీ శిక్ష కాదు, మనిషి కాలు పెట్టని పాడునేల. దాని మీద దేవుడే వాన కురిపించి గడ్డి మొలిపిస్తాడు. పిల్లల్ని పోగొట్టుకున్న యోబుతో నీ తప్పు వల్లే అన్న స్నేహితుల మీదే చివరికి దేవుడికి కోపం వచ్చిందని ఎన్నిసార్లు చదివానో, వాళ్ళలో నేనూ ఒకదాన్నని మాత్రం అప్పటిదాకా తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ వారం కూటంలో ఆవిడ చేతులు పట్టుకుని, తప్పు చెప్పాను అక్కా, నీ పిల్లలు పోవడం నీకు శిక్ష కాదు అన్నాను. ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"శిచ్చ పడినోళ్ళు ఏడవకూడదనుకున్నాను సిస్టరమ్మా. అందుకే ఇన్నాళ్ళూ పిల్లల కోసం ఏడవలేదు. ఇప్పుడు ఏడవచ్చా?"

మామా ఇచ్చిన రెండు గంటలూ నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడుస్తూనే ఉంది.

ఆ అక్క ఎప్పుడో ఇక పని చాలని ఖలాస్ చెప్పి ఊరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఏ మాటకైనా అర్థం వేలు తగిలిస్తే వచ్చేస్తుంది, నిఘంటువులు మోసే పనే లేదు, ఈ పిల్లలు నాకంటే బాగా, తప్పుల్లేకుండా చెబుతారు, సంతోషమే. నా బాధ ఒక్కటే. ఒక్క మాట అర్థం కోసం అన్ని గంటలు కూర్చున్నదాన్ని, ఆ ఇద్దరు పిల్లల పేర్లేమిటని ఆవిడ ఏడ్చిన రోజు దాకా అడగనే లేదు.