మామ్మ బల్లకి తలంటు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకో జబ్బు ఉండేది. ఇంట్లో ఏ వస్తువు చూసినా ముందు దాని మురికే కనబడేది. తప్పు నాది కాదు, ఉద్యోగానిది. మందుల కంపెనీలో క్వాలిటీ విభాగం. తలకి టోపీ, మూతికి మాస్కు, చేతులకి గ్లవుజులు తొడుక్కుని, గాలిని కూడా వడకట్టి వదిలే గదిలో రోజంతా నిలబడి, సాయంత్రం కంపెనీ బస్సు దిగి అనకాపల్లిలో మా ఇంటి గుమ్మం ఎక్కితే, అది ఇల్లులా కాకుండా తనిఖీలో తప్పిన సరుకులా కనిపించేది. (మొదటి నెలలో మా అమ్మ పెట్టిన పులుసుని గ్లాసులో పోసి వెలుతురుకి ఎత్తి చూశాను. అమ్మ గ్లాసు లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది.) ఇరవై దాటీ దాటని వయసులో లోకాన్నంతా కడిగి ఆరేసేయగలనన్న ధీమా ఎంతమందికి ఉంటుందో గాని, నాకు మాత్రం పొంగి పొర్లుతూ ఉండేది.

సరిగ్గా అప్పుడే ఇల్లు మారాల్సి వచ్చింది. బెల్లం మార్కెట్టు వెనక సందులో మేము అద్దెకుంటున్న పెంకుటింటిని పడగొట్టి కొత్తది కట్టుకుంటానని ఓనరు చెప్పేశాడు. రింగు రోడ్డు వైపు ఒక అపార్టుమెంటులో రెండో అంతస్తు దొరికింది. తెల్లటి టైల్సు, తెల్లటి గోడలు. చూడగానే నా కళ్ళు చల్లబడ్డాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర అందరికీ వినబడేలా ప్రకటించాను, కొత్తింటికి పాత సామాను ఒక్కటి కూడా రావడానికి వీల్లేదని. పత్రికలో క్రీము రంగు సోఫా బొమ్మ చూపించాను. నాన్న (మార్కెట్టులో ఒక కమీషను కొట్లో గుమస్తా, ఇంట్లో ఎవరి మాటకైనా తలూపే మనిషి) బొమ్మకీ తలూపాడు. అమ్మ చారు పోసింది. మాట్లాడింది మామ్మ ఒక్కతే. మామ్మంటే నాన్న వాళ్ళమ్మ.

"అయితే నా బల్లో?"

"బల్ల కూడా రాదు మామ్మా. నీకు మంచి మంచం కొంటాను కదా, పరుపుతో సహా."

"బల్ల రాకపోతే నానూ రాను. తుమ్మపాల మీ అత్త దగ్గరికి ఎల్లిపోతాను. మీరూ మీ సోఫాలూ సల్లగుండండి."

బెదిరింపులే అనుకున్నాను. తెల్లారి లేచి చూస్తే మామ్మ రెండు చీరలూ, మందుల డబ్బా, దువ్వెనా సంచిలో సర్దుకుని గుమ్మంలో కూర్చుని ఉంది! మామ్మకీ మా అత్తకీ ఒక్క పూట భోజనం వరకే సఖ్యత. రెండో పూటకి కూతురి వంటకి తల్లీ, తల్లి నోటికి కూతురూ వంకలు పెట్టుకుని, మూడో పూటకి మామ్మ ఆటోలో తిరిగొచ్చేసేది. అలాంటి ఇంటికి ఉన్నన్నాళ్ళూ ఉండడానికి బయల్దేరిందంటే ఆ బల్ల కోసం ఎంతకైనా తెగించిందన్నమాట. నాన్న మొహం చూడలేకపోయాను. కొట్టు నుంచి రాగానే "అమ్మా" అని ఒక్క కేక వేసి, ఆ బల్ల చివర కూర్చుని, మామ్మతో నాలుగు ముక్కలు చెప్పుకుంటే గాని అన్నం సయించని మనిషి. చివరికి ఆయనే, జీవితంలో మొదటిసారి అనుకుంటాను, గొంతు పెంచాడు. "బల్లా వత్తాది, సోఫా వత్తాది. ఇంక ఎవరూ నోరెత్తకండి."

ఆ బల్ల గురించి చెప్పాలి. ఇద్దరు మనుషులు కాళ్ళు చాపుకుని పడుకునేంత వెడల్పు, ఏనుగు కాళ్ళలాంటి కాళ్ళు, నల్లటి నలుపు. మా తాతయ్యకి ఒకప్పుడు సొంతంగా బెల్లం కొట్టు ఉండేదనీ, బెల్లం దిమ్మలు దాని మీదే పేర్చేవారనీ తెలుసు. కొట్టు ఎందుకు మూతబడిందో మా ఇంట్లో ఎవరూ చెప్పుకోరు, నేనూ అడగలేదు. కొట్టు పోయాక బల్ల ఇంటికొచ్చింది, మామ్మకి పక్కయింది. మామ్మ రోజూ దాన్ని పొడిగుడ్డతో తుడిచేది. ఇంటికొచ్చిన చుట్టం ఎవరైనా మంచినీళ్ళ గ్లాసు దాని మీద పెట్టబోతే చటుక్కున లాగేసుకునేది. (పాపం ఆ చుట్టాలు, వాళ్ళకి నీళ్ళివ్వడం ఇష్టం లేదేమో అనుకుని వెళ్ళిపోయేవారు.)

సరే, రావడం ఖాయమైతే కనీసం శుభ్రంగా వస్తుంది అనుకున్నాను. నాన్న మామ్మని బీపీ చూపించడానికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన పూట, పక్కింటివాళ్ళ సాయంతో బల్లని పెరట్లోకి దించాను. పెద్ద గుండిగతో నీళ్ళు సలసలా కాచాను. సోడా కలిపాను, ఇనప బ్రష్షు పట్టాను. పెళ్ళికూతురికి కూడా ఎవరూ అంత శ్రద్ధగా తలంటి ఉండరు. మొదటి చెంబుకి టీ డికాక్షనులాంటి నీళ్ళు కారాయి. రెండో చెంబుకి ఇంకా చిక్కగా. కమ్మగా పాకం వాసన కూడా వచ్చింది గాని, మా సందులో గాలే అలా ఉంటుంది కాబట్టి పట్టించుకోలేదు. నలుపంతా పోయి లోపల్నుంచి తేనెరంగు చెక్క బయటపడుతుంటే నా గుండె ఉప్పొంగిపోయింది. పక్కింటివాళ్ళని పిలిచి చూపించాను కూడా. అప్పుడు వినబడింది కేక.

"ఓలమ్మో! ఏటి సేత్తన్నావే గుంటా! దానికి నీళ్ళు తగలకూడదే!"

బీపీ తగ్గించుకుని వచ్చిన మామ్మ పెరటి గుమ్మంలో నిలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. నేను నవ్వాను. "చెక్కకి నీళ్ళు తగిలితే ఏమవుతుంది మామ్మా, అన్నీ మూఢనమ్మకాలు" అన్నాను. మామ్మ తన చీర చెంగుతో బల్ల సందులు ఒత్తుకుంటూ కూర్చుంది, ఆరేదాకా.

మార్కెట్టు నుంచి నాన్నకి తెలిసిన కలాసీలు వచ్చి మోశారు. రోజూ బెల్లం మూటలు ఎత్తే మనుషులే మెట్ల మలుపులో ఆగిపోయి, "బావా, ఇది బల్లా, లారీ ఏటైనా ఇప్పుకొచ్చేవా?" అని నాన్ననడిగారు. ఆ సాయంత్రమే సోఫా దిగింది. ముందుగా మామ్మని కూర్చోమన్నాను, పెద్దావిడ కదా అని. కూర్చుంది. నడుం దాకా లోపలికి దిగిపోయింది. "ఓలమ్మో, ఇది నన్ను మింగేత్తందే! లాగండే!" అని ఒకటే గోల. నేనూ నాన్నా చెరో చెయ్యి పట్టి లాగాం. మామ్మ మళ్ళీ దాని దరిదాపులకి రాలేదు. నేను మాత్రం మురికి పడుతుందని ప్లాస్టిక్ కవరు తియ్యకుండా దాని మీద కిర్రు కిర్రుమంటూ కూర్చునేదాన్ని.

ఎండలున్నంతకాలం బాగానే ఉంది. తరవాత ముసురు పట్టింది. ఒక ఉదయం లేచేసరికి హాల్లో తెల్లటి టైలు నిలువునా చీలి ఉంది. కొత్త ఇల్లు, ఓనరుకి ఏం చెప్పాలి! వంగి చూస్తే ఆ చీలిక నడుస్తోంది. చీమలు! ఒక చివర గుమ్మం కింద నుంచి మెట్లు దిగి, మొదటి అంతస్తులో ఓనరు ఆంటీ గడప పక్క నుంచి ఇంకా కిందికి పోయింది. రెండో చివర పట్టుకుని వెళ్తే మామ్మ బల్ల. ఆ బల్లకి చెమట పట్టింది! సందు సందునా గోధుమరంగు చుక్కలు వేలాడుతున్నాయి. టప్పున ఒకటి రాలింది. చుట్టూ చీమలు బారులు తీరి ఉన్నాయి. పైన మామ్మ హాయిగా గురక పెడుతోంది. (అలవాటు చొప్పున దూది మీద శాంపిలు తీశాను.)

తుడిచినకొద్దీ ఊరింది. మందు చల్లితే మామ్మకి దగ్గు. చీమలు సోఫా ప్లాస్టిక్ కవరు కిందికి దూరి కాపురాలు పెట్టాయి. ఆఖరికి ఒక రోజు, మొహానికి పౌడరు రాసుకున్నా లోపలికి రానివ్వని మా కంపెనీ గదిలో, మా సారు నా టోపీ అంచు వైపు వేలు చూపించి, "మేడమ్, ఇది మీతోనే వచ్చిందా?" అని అడిగారు. కళ్ళెత్తి చూస్తే చీమ. భూమి రెండుగా చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. ఇంటికొస్తే గుమ్మంలో ఓనరు ఆంటీ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. "ఏటమ్మా, మీ ఇంట్లో బెల్లం గానుగేటైనా ఆడిత్తన్నారా? మా పంచదార డబ్బాలో చీమలు, మా మనవడి పక్కలో చీమలు. ఆ బల్ల ఉంటాదో, మీరుంటారో తేల్చుకోండి."

నిజం చెప్పొద్దూ, లోలోపల సంబరపడ్డాను. నేను మొదట్నుంచీ చెప్పిందే కదా! ఆదివారం పాత సామాన్లు కొనే అతన్ని పిలిపించాను. మామ్మ సంచి సర్దుకుంటుందనీ, నానా యాగీ చేస్తుందనీ, నాలుగు రోజుల ముందు నుంచే జవాబులన్నీ సిద్ధం చేసుకున్నాను. అతను వచ్చి కొలిచాడు. మామ్మ లేచి నిలబడి దుప్పటి మడత పెట్టుకుంది.

"తీసుకుపొమ్మను" అంది.

ఏడుపు లేదు, తిట్టు లేదు. నా జవాబులన్నీ నోట్లోనే ఉండిపోయాయి. మామ్మ చెంచా తెప్పించుకుని, బల్ల సందులో గీకి, ముద్దలా వచ్చినదాన్ని నాలిక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది.

"మీ తాత బెల్లమే" అంది. "ఆ ఏడు తుపానుకి కొట్టు పెంకులన్నీ లేసిపోనాయి. ఏడాది సరుకు ఈ బల్ల మీదే ఉంది. తెల్లారేతలికి అంతా పాకం. మీ తాత దీన్ని పట్టుకుని కూకుండిపోయేడు. నాను సెంబుల్తో ఎత్తేను, ఎంతని ఎత్తుతాను? మిగిల్నదంతా ఈ సందుల్లోకి దిగిపోయింది. మీ నాన్నేమో నడిసే ఈడు గుంటడు, కిందన పాకంలో కూకుని ఏళ్ళు నాకతన్నాడు, కిలకిలా నవ్వుతన్నాడు. ఆణ్ణి సూసి మీ తాత కూడా నవ్వేసేడు. సచ్చిపోతాడనుకున్నాను అప్పటిదాకా. నవ్వేడు. మల్లీ తడిత్తే ఇదీ కరిగిపోద్దని, ఆయేల్టి నుంచీ దీనికి నీటి సుక్క తగల్నియ్యలేదు. ఇప్పుడు కరగనే కరిగింది, ఇంకెందుకు."

పాత సామాన్ల అతను టేపు చుట్టుకున్నాడు. నాన్న, గుమస్తాగా తల నెరిసిన మా నాన్న, తన వేళ్ళ వంక తను చూసుకుంటున్నాడు. ఆ సంగతి ఆయనకీ తెలీదని ఆ మొహమే చెప్పింది. మామ్మ చెంచా నా వైపు చాపింది. నోట్లో పెట్టుకున్నాను. కాస్త మసి, కాస్త ఉప్పు, కాస్త నా సోడా. ఆ వెనకే, నమ్మరు, తీపి. ఇన్నేళ్ళయినా తీపి! నాకు ఏడుపాగలేదు. నేను పెరట్లో తూములోకి ఎన్ని చెంబులు వదిలేశానో గుర్తొచ్చింది.

అప్పుడు కదిలింది అమ్మ. ఈ గొడవ మొదలైనప్పట్నుంచీ ఒక్క మాట మాట్లాడని అమ్మ, వంటింట్లోకి వెళ్ళి నాలుగు స్టీలు గిన్నెలు తెచ్చి, ఒక్కో బల్ల కాలి దగ్గర ఒక్కోటి పెట్టింది. "ఎత్తండి" అంది. నేనూ, నాన్నా, పాత సామాన్ల అతనూ కలిసి ఎత్తాం. తడి తగలకుండా కాళ్ళ అడుగున ప్లాస్టిక్ చుట్టి, కింద గిన్నెలు తోసి, వాటిలో నీళ్ళు పోసింది. సందుల్లో నాన్న మైనం కరిగించి నింపాడు. మధ్యాహ్నానికి చీమలు గిన్నెల చుట్టూ తిరిగి తిరిగి, దారి దొరక్క మెట్లు దిగి వెళ్ళిపోయాయి. ఓనరు ఆంటీ వచ్చి చూసి, "ఇదేదో ముందే సెయ్యొచ్చు కదమ్మా, సదువుకున్నదానివి" అని నన్నే అంది. మామ్మ మళ్ళీ దుప్పటి పరుచుకుంది. గిన్నెల్లో నీళ్ళు మార్చే పని క్వాలిటీ విభాగం వారికి అప్పజెప్పారు.

సోఫా ఎప్పుడో కుంగి, చిరిగి పోయింది. మామ్మా పోయింది, ఆ బల్ల మీదే, నిద్రలో. బల్ల నాతో వచ్చింది. చీమలు మానేసి చాలా కాలమైంది గాని నేను గిన్నెల్లో నీళ్ళు పొయ్యడం మానలేదు. మొన్ననే మేము సొంతింట్లోకి మారాం. సామాను సర్దే రోజు మా అమ్మాయి (కొత్తగా ఉద్యోగంలో చేరింది, ఈ మధ్య ఏది చూసినా మొహం చిట్లిస్తోంది) బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, "సరేలే అమ్మా, తీసుకెళ్దాం. కాని ముందు దీన్ని నేను శుభ్రంగా..." అంటూ బకెట్టు పట్టుకొచ్చింది.

"ఓలమ్మో! దానికి నీళ్ళు తగలకూడదే!"

మెట్ల మీద బీరువా మోస్తున్న మనుషులు ఆగిపోయారు. మా అమ్మాయి చేతిలో బకెట్టు ఒలికి తన కాళ్ళు తడిశాయి. నా రెండు చేతులూ నా నెత్తి మీద ఉన్నాయి. అంత పెద్ద గొంతు నాకుందని నాకే తెలీదు. పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్న ఆ పిల్లని చూస్తే నవ్వొచ్చింది, ఇనప బ్రష్షు పట్టుకున్న ఆనాటి నన్ను తలుచుకుంటే ఇంకా నవ్వొచ్చింది. చీర చెంగుతో బల్ల మీద పడ్డ చుక్కలు తుడిచి, వంటింట్లో ఎక్కడో ఉన్న చెంచా కోసం వెతకడం మొదలుపెట్టాను.