మూడు సిలిండర్లకూ ఒకే జ్వరం

బీదర్ జిల్లా మొత్తంలో పెట్రోల్ ఇంజన్ దమ్మెంతో బొటనవేలితో చెప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నే. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద వేలు ఆనించి, సెల్ఫ్ కొట్టమంటే చాలు. లోపలి గాలి వేలిని ఎగదన్నే తీరును బట్టి ఆ సిలిండర్ ఇంకా ఎన్నేళ్లు బతుకుతుందో చెప్పేసేవాణ్ని. భాల్కీ నుంచీ హుమ్నాబాద్ నుంచీ వచ్చిన బండ్లు నా ముందు వరుస కట్టేవి.

ఇందులో కొంత తగ్గించుకోవాలి. వరుస కట్టింది బండ్లు కాదు, మెకానిక్కులు. అదీ నా వేలి కోసం కాదు. బీదర్‌లో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో ముప్పై ఏళ్లు కౌంటర్ వెనక నిలబడి గ్యాస్కెట్లు, పిస్టన్ రింగులు, క్లచ్ ప్లేట్లు తీసిచ్చిన మనిషిని నేను. ఏ డబ్బా ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ని. ఆ డబ్బాలోది బండిలో ఎక్కడ కూర్చుంటుందని ఎవరైనా అడిగితే మాత్రం "అది మెకానిక్ పని" అనేవాణ్ని. ఇక బొటనవేలి సంగతి, అది నిజమే. ఒక్కసారి పెట్టాను. చురుక్కుమంటే తీసేశాను.

ఇదంతా మా ఆవిడకు తెలుసు. ఆమె చెల్లెలికి తెలియదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మరదలిది దుబల్గుండి అనే ఊరు. యాభై దాటాక పట్టుబట్టి కారు నేర్చుకుంది. మూడు సిలిండర్ల పాత చిన్న కారొకటి కొనుక్కుని, కంది చేల పక్కన మట్టిరోడ్డు మీద ఊళ్లో ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టింది. కిందటేడు నలుగురు నేర్చుకుంటున్నారు. లైసెన్సు పరీక్ష ఇంకా పది రోజులుందనగా కారు చఢావు, అదే ఎత్తురోడ్డు, ఎక్కడం మానేసింది. ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. ఇక దీని పని అయిపోయిందేమోనని మరదలికి దిగులు పట్టుకుంది. బసవకళ్యాణ్‌లో పాత బండ్లు కొని విప్పి అమ్మే ఆసామికి కబురు పెట్టింది. అతను ఫలానా రోజు మధ్యాహ్నం వస్తానన్నాడు. వెంటనే నాకు ఫోన్.

"బావా, నీ యేలు తీస్కొని జల్ది రా. ఇంజన్ మంచిగుంటె ఉంచుకుంట. ఖరాబైతె ఆయనకే ఇచ్చేస్త. నువ్వెట్లంటె అట్ల."

పక్కన మా ఆవిడ వింటూనే ఉంది. "చెప్పరాదా, నాకేం రాదని," అంది. నేను చెప్పలేదు. బస్సెక్కాం ఇద్దరం.

వేలిని నమ్ముకోలేదు, గేజీ పట్టుకెళ్లాను. దుకాణం మానేసిన రోజు సేఠ్ నా చేతిలో పెట్టిన పాత సరుకు. గుండ్రటి గడియారం లాంటి ముఖం, దానికో రబ్బరు గొట్టం. గొట్టాన్ని ప్లగ్గు రంధ్రంలో బిగించి ఇంజన్ తిప్పితే, ఆ సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో ముల్లు చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నదైతే నూటడెబ్బై దాకా పోవాలి. ఈ మాత్రం కౌంటర్ మీద మోచేతులు ఆనించిన మెకానిక్కుల మాటల్లో విన్నదే.

మేం వెళ్లేసరికి కారుకు పూజ అయిపోయింది. ఇంజన్ మీద చెయ్యి పడే ముందు పూజ చేయడం వాళ్లింటి ఆనవాయితీ. మరదలు టైర్లకు, బానెట్‌కు, స్టీరింగ్‌కు పసుపూ కుంకుమా పెట్టింది. వద్దంటున్నా నా గేజీ ముఖానికీ ఒక బొట్టు పెట్టింది.

ఇంజన్ కాసేపు నడిపించి, వేడెక్కాక మూడు ప్లగ్గులూ విప్పాను. నిప్పురవ్వ రాకుండా కాయిల్ వైరు లాగి పక్కన పెట్టాను. గొట్టం మొదటి రంధ్రంలో బిగించాను. మరదలు స్టీరింగ్ ముందు కూర్చుంది. పైకి లేచిన బానెట్ మా ఇద్దరి మధ్య గోడలా నిలబడింది.

"కొట్టు సెల్ఫ్!"

కారు ఆయాసపడుతూ నాలుగు తిప్పులు తిరిగింది. ముల్లు తొంభై దగ్గర ఆగింది.

"ఎంతొచ్చింది బావా?"

"ఆగు, ఇంకా రెండున్నయి."

రెండోది తొంభై. మూడోది ఎనభై ఎనిమిది.

ఒకటి పోయిందంటే అర్థముంది. ముగ్గురు అన్నదమ్ములకూ ఒకేరోజు, ఒకే డిగ్రీ జ్వరం వస్తుందా? గేజీ చెడిందా? చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను. అది గడియారం కాదని తర్వాత గుర్తొచ్చింది. ఇంకో మాట కూడా విని ఉన్నాను: రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూడాలి, ముల్లు బాగా లేస్తే రింగులు అరిగినట్టు, లేవకపోతే వాల్వులు పోయినట్టు. మొదటి రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోశాను. తొంభై కాస్తా తొంభై అయిదయింది. ఇది లేచినట్టా, లేవనట్టా? మళ్లీ కొట్టించాను. తొంభై రెండు. ఇప్పుడు దిగినట్టా?

"ఏంది బావా, సప్పుడు లేదు?"

"ఆలోచిస్తున్న."

"ఆలోచిస్తున్నవా, కునుకు తీస్తున్నవా? గా డబ్బా ఇడ్సిపెట్టి నీ యేలు పెట్టి సూడరాదా!"

తప్పలేదు, పెట్టాను. గాలి వేలిని నెట్టింది. గట్టిగా నెట్టిందా, మెల్లగా నెట్టిందా? మంచి ఇంజన్ ఎట్లా నెడుతుందో తెలిస్తే కదా! రెండో వేలు పెట్టి చూశాను, అది మరీ అయోమయం. చివరికి గొంతు సవరించుకుని, "కమ్జోర్ అయింది, బలం లేదు. మూడూ కమ్జోరే," అన్నాను.

బానెట్ వెనక నుంచి మరదలు మెల్లగా అడిగింది:

"మరి ఆ నలుగుర్కి ఏం జెప్పాలె?"

నేను గేజీ ముఖాన్ని చొక్కాతో తుడిచాను.

ఇంతలో బసవకళ్యాణ్ మనిషి మోటారు సైకిల్ మీద దిగాడు. గేజీ చూసి, "తొంభైయా? ఖతం చాచా. ఇంజన్ల దమ్ లేదు. పాత ఇనుము కిందనే పోతది," అన్నాడు. నా మాటే ఇంకొకడి నోటి నుంచి వినేసరికి, ఎందుకో నమ్మబుద్ధి కాలేదు. నాలో అనుమానం మొలిచింది. "జర ఠైరో, ఆగు," అని బానెట్ చుట్టూ తిరిగి వెళ్లి కారు తలుపులోంచి తొంగి చూశాను.

మరదలు రెండు కాళ్లూ సీటు మీదికి మడుచుకుని, పీట మీద కూర్చున్నట్టు కూర్చుని ఉంది. కింద మూడు పెడళ్లకూ మూడు కుంకుమ బొట్లు. పూజ చేసిన దాని మీద పొద్దుగూకేదాకా కాలు పెట్టకూడదని వాళ్ల అత్తగారి కట్టడి. సెల్ఫ్ కొట్టడానికి తాళం తిప్పితే చాలు కదా, తిప్పుతోంది.

సంగతేమిటంటే, ఈ పరీక్ష చేసేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. లేకపోతే గాలి లోపలికి పోయే తలుపు మూసుకునే ఉంటుంది. గాలే అందని సిలిండర్ దేన్ని నొక్కుతుంది? ఊపిరి పీల్చనీయకుండా శంఖం ఊదమన్నట్టే. తొక్కాలని నేను చెప్పలేదు. చెప్పాలని నాకూ తట్టలేదు.

మరదలు పెడల్‌ను తాకి కళ్లకద్దుకుని, "తప్పాయె తల్లీ," అని గట్టిగా తొక్కింది. సెల్ఫ్ కొట్టింది. నూటడెబ్బై. రెండోదీ నూటడెబ్బై. మూడోది నూటఅరవై ఎనిమిది.

అయితే మరి బండి చఢావు ఎందుకు ఎక్కదు? నాకు మళ్లీ తల తిరిగింది. బేరం పోయిన ఆ మనిషే హెల్మెట్ పెట్టుకుంటూ చెప్పాడు: "క్లచ్ ప్లేట్ కాలింది చాచా. నేర్చుకునేటోళ్లు క్లచ్ సగం తొక్కి పట్టుకుంటరు. ఇంజన్ తిరుగుతది, చక్రం తిరగది. గింతే." ముప్పై ఏళ్లలో ఎన్ని వందల క్లచ్ ప్లేట్లు అమ్మి ఉంటానో నేను.

కొత్త ప్లేటు పడింది. నలుగురిలో ముగ్గురు పాసయ్యారు. నాలుగో ఆమె రివర్సులో బండిని గోడకు ఆనించింది, మళ్లీ పరీక్షకు వెళ్తానంటోంది.

మొన్న మరదలు బీదర్ వచ్చినప్పుడు ఇక్కడిదాకా రాసింది చదివి వినిపించాను. కాగితం మడవగానే మొదలుపెట్టింది.

"నీకెక్కడి అనుమానం బావా? నువ్వు కిటికీలకెల్లి చెయ్యి పెట్టి తాళం పీకి ఆ బసవకళ్యాణ్ ఆయన చేతుల పెట్టినవ్. నేను దిగనని అట్లనే కూసున్న. అక్క చాయ్ తెచ్చి, 'కాళ్లు మీదికేసుకొని కూసున్నవేందే, తొక్కవా?' అన్నది. అప్పుడు నీకు సమజైంది. ఆయన చేతులకెల్లి తాళం గుంజుకొచ్చింది గూడ నేనే. నువ్వు ఇచ్చేసినవ్ బావా. గది రాయలే."