జపాను కత్తికి పట్టిన తుప్పు

నా చిన్నప్పుడు, అంటే అరవైల చివర, రేపల్లెలో మా ఇంటి వసారా గోడకి ఒక జపాను కత్తి వేలాడుతుండేది. మా తాతయ్య బర్మా యుద్ధం నుంచి తెచ్చింది. ఒరకి మట్టిరంగు వేసిన రేకు తొడుగు, పిడికి గోధుమరంగు నాడా అల్లిక. ఇంటికొచ్చినవాళ్ళు ముందు దానికేసి చూసేవాళ్ళు, తర్వాత తాతయ్యకేసి చూసేవాళ్ళు, ఆ తర్వాత ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పెదవి బిగబట్టేవాళ్ళు. ఆ బిగబట్టింది నవ్వని నాకు చాలాకాలం తెలియలేదు. తెలిశాక వాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వడానికి కూడా నా చేతులు రాలేదు.

తాతయ్య పెళ్ళయి, మా నాన్న పుట్టాక, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పటాలంలో చేరాడు. నాలుగేళ్ళు పత్తా లేడు. తిరిగొచ్చేసరికి వాళ్ళమ్మ పోయింది. పటాలంలో ఇచ్చిన కాగితాలు ట్రంకుపెట్టెలో పెడితే వానాకాలంలో చెదలు తినేశాయి. కాగితాల్లేవు గనక పింఛను రాలేదు. పింఛను రాలేదు గనక పటాలంలోనే లేడని ఊరు తేల్చేసింది. రంగూన్లో ఏదో హోటల్లో గిన్నెలు కడిగాడని, వచ్చేటప్పుడు మద్రాసు బజార్లో పాత కత్తి ఒకటి కొనుక్కొచ్చాడని చెప్పుకునేవాళ్ళు.

ఆ మాట మొదలుపెట్టింది బయటివాళ్ళు కాదు, తాతయ్య సొంత తమ్ముడు. తెనాలిలో బియ్యం వ్యాపారం చేసే మా చిన్నతాతయ్య. అన్న లేని ఆ నాలుగేళ్ళూ మంచాన పడ్డ తల్లికి అన్నీ చేసింది ఆయనే, చివరికి కొరివి పెట్టిందీ ఆయనే. అన్న యుద్ధానికి వెళ్ళాడంటే మన్నించాల్సి వస్తుంది, హోటల్లో గిన్నెలు కడిగాడంటే ఆ బాధ లేదు. ఇది నాకు నడివయసులో అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఆయన మీద కోపం పోవాలని ఎక్కడా లేదు కదా.

తాతయ్య చెప్పే కథ ఎప్పుడూ ఒకటే, ఒక్క మాట అటూ ఇటూ అయ్యేది కాదు. జపాను సైన్యం లొంగిపోయిన రోజున వాళ్ళ ఆఫీసర్లు వరసగా వచ్చి కత్తులు కుప్పగా పోస్తున్నారట. తాతయ్య ఆ కుప్పకి కాపలా. ఒక ఆఫీసరు మాత్రం తన కత్తిని కుప్పలో వెయ్యలేక నిలబడిపోయాడట. దుబాసీ చేత తాతయ్యకి చెప్పించాడట: ఒరా పిడీ మాత్రమే పటాలంవి, లోపలి ఇనుము మా ముత్తాతల నాటిది, పిడి లోపల చేసినవాడి పేరుంది, అక్కడ మాత్రం ఎప్పుడూ తోమొద్దు అని. కొన్నాళ్ళకి పటాలం దొర తలా ఒక కత్తి తీసుకోమంటే, తాతయ్య ఆ కుప్పంతా వెతికి ఇదే తీసుకున్నాడు.

ఏటా దసరాకి కొడవళ్ళు, పారలు, నాగటికర్రు తోమి వరసగా పెట్టేవాళ్ళు. ఆ వరసలో చివరిది జపాను కత్తి. నాయనమ్మ ఇత్తడి బిందెలకి వాడే ఇటుకపొడితోనే తాతయ్య దాన్ని ధగధగా మెరిసేలా తోమేవాడు. నాయనమ్మ పసుపు రాసి బొట్టు పెట్టేది. పిడి లోపలికి దూరి ఉండే భాగాన్ని తాతయ్య తోక అనేవాడు. ఆ తోకని మాత్రం ఒకసారి బయటికి తీసి, చూసి, ఆ జపాను ఆయన మాట ప్రకారం తుప్పుతోటే మళ్ళీ లోపల పెట్టేసేవాడు.

నాకు పదేళ్ళప్పుడు, ఒక పెళ్ళిలో, భోజనాల బంతిలో మాటా మాటా పెరిగింది. బాపట్లలో యుద్ధంలో పనిచేసిన డాక్టరుగారు ఒకరున్నారని, ఆయన దగ్గర జపాను కత్తులు అరడజను దాకా ఉన్నాయని, ఏది పాతదో ఏది ఫ్యాక్టరీలో చేసిందో చూసి చెబుతారని ఎవరో అన్నారు. చిన్నతాతయ్య విస్తరి ముందే సవాలు విసిరాడు. లోపలి ఇనుము నిజంగా పాతదని ఆ డాక్టరుగారంటే, అన్నయ్య కాళ్ళ మీద పడి ఊరందరి ముందూ తప్పయిందంటానన్నాడు. బజార్లో కొన్నవాడికి పటాలం ఒరలో ఉన్నది పాత ఇనుమని ఎలా తెలుస్తుంది? తెలిసిందంటే ఆ ఆఫీసరు చెప్పినట్టే, తాతయ్య అక్కడ ఉన్నట్టే. ఇరవై ఏళ్ళ నింద ఒక్క పూటలో పోతుంది. ఆ రాత్రి తాతయ్య ఇంటికొస్తూ దారంతా నా చెయ్యి వదల్లేదు.

డాక్టరుగారు వచ్చే ముందురోజు తాతయ్య కత్తి దించి, మేకు మొనతో పిడికున్న వెదురు చీలని నెట్టి, తోకని బయటికి తీసి నాకు చూపించాడు. అది నల్లగా, పాత చింతపండులా ఉంది. దాని మీద అక్షరాలు తుప్పులో సగం పూడిపోయాయి.

"డాక్టరుగారి కంటికి ఇవి ఆనతాయో లేదో తల్లీ. ఇవి చదివితే చాలు," అన్నాడు. మళ్ళీ అన్నీ బిగించి, బాపట్ల నుంచి వచ్చే ఆయన్ని తీసుకురావడానికి తెనాలి రైలెక్కాడు. ఆ రాత్రి వాళ్ళు చిన్నతాతయ్య ఇంట్లో ఉండి, పొద్దున్నే అందరూ కలిసి రావాలని ఏర్పాటు.

ఇంట్లో నాయనమ్మ చుట్టాలొస్తున్నారని ఇత్తడి సామానంతా పెరట్లో వేసి చింతపండుతో తోముతోంది. నేను ఆ చింతపండు గుజ్జు కొంచెం, ఇటుకపొడి కొంచెం తీసుకున్నాను. తోమొద్దన్న మాట నాకు గుర్తుంది. కానీ పెద్దవాళ్ళు వద్దనేవి చాలా ఉంటాయి కదా, మంగళవారం గోళ్ళు తియ్యొద్దు, గడప మీద కూర్చోవద్దు, ఇదీ అలాంటిదే అనుకున్నాను. అక్షరాలు కనబడటం లేదన్న తాతయ్య బెంగ ఒక్కటే నా బుర్రలో ఉంది. చీల నేనే తీశాను. తోకకి చింతపండు దట్టంగా పట్టించి నానబెట్టాను, కొబ్బరిపీచుతో సాయంత్రం దాకా రుద్దాను. తుప్పంతా నల్లటి నీళ్ళయి కారిపోయింది. అక్షరాలు పలక మీద రాసినట్టు తేలాయి. తుడిచి, పిడి తొడిగి, చీల కొట్టి, గోడకి తగిలించాను. నా వేళ్ళు నల్లబడ్డాయి, ఎంత కడిగినా పోలేదు. నేను పెద్దగా పట్టించుకోలేదు. తాతయ్య మొహం వెలిగిపోయే క్షణం కోసం ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

పొద్దున్న డాక్టరుగారితో పాటు చిన్నతాతయ్య, వీధిలో నలుగురైదుగురు వచ్చారు. డాక్టరుగారు బక్కపలచని మనిషి, మాట నెమ్మది. తెల్లగుడ్డ ఒకటి అడిగి మంచం మీద పరిచారు. ఊపిరి తగలకుండా రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కత్తి దూశారు. ఒరా పిడీ యుద్ధకాలం నాటి పటాలం సామానే, అందులో అనుమానం లేదన్నారు. తర్వాత కత్తి అలుగుని కిటికీ వెలుతురులో అటూ ఇటూ వంచి చాలాసేపు చూశారు. చేత్తో కాచిన కత్తికి అంచు వెంట అలలాంటి తెల్లటి చార ఉంటుందట. మా కత్తికి అది అరిగిపోయింది.

"దీన్ని దేంతో తోమారండి?"

"ఇటుకపొడితోనండి. ఏటా దసరాకి," అన్నాడు తాతయ్య, తప్పు చేసినట్టు.

డాక్టరుగారు నవ్వలేదు. "పోనీలెండి, లోపలిది చెబుతుంది," అని చీల తీశారు.

పిడి ఊడి వచ్చింది. తోక తళతళలాడుతూ బయటపడింది. నేను గుమ్మం దగ్గర నిలబడి నవ్వుతున్నాను. డాక్టరుగారు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇది ఎవరు తోమారండి?"

తాతయ్య తోకకేసి చూశాడు, తర్వాత చుట్టూ చూశాడు. ఆయన చూపు వచ్చి నా వేళ్ళ మీద ఆగింది. నేనింకా నవ్వుతూనే ఉన్నాను.

"నేనేనండి," అన్నాడు.

చిన్నతాతయ్య ఊరుకుంటాడా? "అదేంటన్నయ్యా, లోపల తోమొద్దని ఆ జపాను వాడు చెప్పాడంటివి గదా! ఇరవై ఏళ్ళ నుంచీ చెబుతున్నావు గదా! మరి నువ్వే తోమావా? అదీ డాక్టరుగారు వచ్చే ముందా?" అన్నాడు. తాతయ్య దగ్గర ఉన్న ఒక్క జవాబూ గుమ్మంలో నిలబడి ఉంది.

డాక్టరుగారు అక్షరాలు చదివారు. ఎవరో పాత కమ్మరి పేరే అన్నారు. కానీ అక్షరాలు ఎవరైనా చెక్కవచ్చునని, తుప్పుని మాత్రం ఎవరూ చెక్కలేరని, వందల ఏళ్ళ తుప్పు ఉంటే కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణని అన్నారు. యుద్ధకాలపు కొత్త కత్తుల మీద పాత పేర్లు చెక్కి అమ్మేవాళ్ళు ఇనుము వయసు తెలియకుండా ఇలాగే గీకేస్తారట. "అబద్ధమని అననండి. నిజమని రాసివ్వలేను," అన్నారు చివరికి. మొదటి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. వీధిలోవాళ్ళు తాంబూలం తీసుకుని, మర్యాదగా, మెట్లు దిగాక నవ్వుకున్నారు.

అప్పటికి నాకు తెలిసింది నేనేం చేశానో.  తాతయ్య నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, నూతిగట్టు మీద కూర్చోబెట్టి, నిమ్మచెక్కతో నా వేళ్ళు ఒక్కొక్కటే రుద్దాడు. "నువ్వు మంచికే చేశావమ్మా. మీ నాన్నకి తెలిస్తే చంపేస్తాడు. ఎవరికీ చెప్పమాక," అన్నాడు. నలుపు పోయాక కూడా రుద్దుతూనే ఉన్నాడు. నా మీద కోపం రానివ్వకుండా ఉండటానికే అలా రుద్దాడని ఇప్పుడనిపిస్తుంది. నేను తలూపాను. మా నాన్న దెబ్బలంటే నాకు నిజంగానే భయం.

ఆ తర్వాత తాతయ్య బర్మా కథ చెప్పలేదు. కత్తి గోడ మీంచి దిగి అటక ఎక్కింది. బజార్లో పిల్లలు కూడా ఆయన్ని రంగూన్ తాత అనడం మొదలుపెట్టారు. పిలిస్తే పలికేవాడు కూడా. బతుకంతా నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు. నా కోసం ఒకే ఒక్క అబద్ధం చెబితే, దాన్ని మాత్రం అందరూ నమ్మారు.

మూడేళ్ళకి ఆయన పోయాడు. ఆ మూడేళ్ళలో ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో, ఎన్నిసార్లు మింగానో నాకే తెలుసు. పెద్దకర్మ రోజు, వసారా నిండా బంధువులుండగా, చిన్నతాతయ్య ముందుకెళ్ళి నిలబడి చెప్పేశాను. తోమింది నేనని, చింతపండు పెట్టి నానబెట్టానని, తాతయ్య నన్ను కాపాడటానికే తన మీద వేసుకున్నాడని, ఆయన చెప్పిందంతా నిజమని. గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

చిన్నతాతయ్య నా తల నిమిరాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

"చూశారా, అచ్చం తాత పోలికే! ఆయన పోయాక ఆయన కోసం ఎంత చక్కటి కథ అల్లిందో," అన్నాడు చుట్టూ ఉన్నవాళ్ళతో. అందరూ అయ్యో పాపం అన్నట్టు నవ్వారు. ఎవరో అత్తయ్య నన్ను దగ్గరికి తీసుకుని, అన్నం తిందువుగాని రమ్మంది. నేను వేళ్ళు చాపి చూపించబోయాను. వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

తాతయ్య నన్నెంత ప్రేమించాడో నాకు తెలుసు. ఆ ప్రేమని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే ముందొస్తుంది. నాలుగు దెబ్బలు తప్పించి, ఈ బరువు నా నెత్తిన పెట్టి వెళ్ళాడు. ఆ రోజు గుమ్మంలోంచి లాగి, నలుగురి ముందూ నిలబెట్టి, చెప్పవే అని ఉంటే చెప్పేదాన్ని. ఏడుస్తూ చెప్పేదాన్ని. నల్లటి వేళ్ళతో చెబితే నమ్మేవాళ్ళు. మా నాన్న కొట్టిన దెబ్బలు వారానికి మానిపోయేవి.

ఇప్పుడు మా ఇళ్ళల్లో ఏ పిల్లయినా ఏదైనా పగలగొట్టి మూలన నిలబడితే, వాళ్ళ తాతో అమ్మమ్మో నేనే పగలగొట్టాలే అని అడ్డం పడుతుంటారు. అందరూ ముచ్చటపడతారు. నేను మాత్రం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అందరి మధ్యకీ లాక్కొస్తాను. ఇప్పుడే చెప్పు, నీ నోటితో నువ్వే చెప్పు అంటాను. పిల్ల ఏడుస్తుంది. ఈ ముసలిదానికి గుండె లేదని కోడళ్ళు నా వెనక అనుకోవడం నాకు వినబడుతుంది. అనుకోనీ. పిల్ల నోరు విప్పి చెప్పేదాకా నేను చెయ్యి వదలను.