క్యాసెట్ చివర మిగిలిన పొగబండి

పోయిన ఎండాకాలం ఒకనాడు పొద్దున్నే మా బామ్మర్ది మంచిర్యాల నుంచి ఫోన్ చేశాడు. ఫోన్లో మాట నాకిప్పుడు సరిగా అందదు గనుక మా ఇంటావిడే మాట్లాడి, ఆ తర్వాత నా చెవి దగ్గర నోరు పెట్టి కబురు చెప్పింది. రైల్వేవాళ్లు తుక్కుకు వేయకుండా దాచుకున్న పాత పొగబండి ఇంజను ఒకదాన్ని తుడిచి, రంగులేసి, నాలుగు పెట్టెలు తగిలించి, జనం చూడటానికని వచ్చే ఆదివారం మన రామగుండం మీదుగా నడుపుతారట. అంతే, చేతిలో ఉన్న చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు, చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లి, ఎటు పోవాలో తోచక వెనక్కి వచ్చి, పాత ట్రంకు పెట్టె తెరిచి, ఏం వెతుకుతున్నానో మరిచిపోయి మూసేశాను. ఆదివారం దాకా నా వాలకం ఇదే. "కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్, జర ఒక్క తాన కూసోరాదు" అని ఆమె కసిరినా నాకు కుదురు చిక్కలేదు.

నా తొందరకు కారణం ఉంది. కంపెనీ దవాఖానలో డాక్టరు నా చెవులు చూసి, ఉన్న వినికిడి కూడా మెల్లమెల్లగా పోతుందని, మిషను పెట్టుకున్నా కొంతవరకే పని చేస్తుందని చెప్పి అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. బతుకంతా చెవిని నమ్ముకుని గడిపినవాణ్ని. అది కాస్తా పోయేలోగా పొగబండి చప్పుడు ఒక్కసారి తనివితీరా విని, ఎవరి గొంతూ కలవకుండా శుభ్రంగా రికార్డు చేసి పెట్టుకోవాలని నా ఆశ. అలా టేపులో నింపుకున్నది ఒకప్పుడు నా దగ్గర ఉండేది, పోయింది. అదెట్లా పోయిందో ముందు చెప్పాలి.

బొగ్గుబాయిలో నేను టింబర్‌మన్‌ని. భూమి లోపల బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. దుంగ నిలిపే ముందు కప్పును కొట్టి చూడాలి. ఒక చేత్తో కర్ర పట్టి పైకి కొడుతూ రెండో అరచేతిని కప్పుకు ఆనించి ఉంచాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది, అరచేతికి ఏమీ తెలియదు. లోపల నెర్రె విచ్చి ఉంటే మాత్రం డొల్లగా పలుకుతుంది, అరచేతి కింద సన్నగా వణుకుతుంది. ఆ వణుకు తెలిస్తే చాలు, పలుగూ పారా అక్కడే వదిలి అందరం వెనక్కి నడిచేవాళ్లం. "చెవు మోసం జేసినా చెయ్యి చెప్తది బిడ్డా" అని నాకు పని నేర్పిన పెద్దాయన అంటూ ఉండేవాడు. ఈ అలవాటు పైకి వచ్చాక కూడా వదిలేది కాదు. కాలనీలో పక్కింటి కుట్టుమిషను చప్పుడు విని దారం తెగిందని ఇవతలి నుంచే చెప్పేవాణ్ని. ఇదేం వింత అల్లుడమ్మా అని మా అత్తగారు నాకు దిష్టి కూడా తీయించింది.

మా బామ్మర్ది దుబాయి పోయి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు అక్కకు ఒక చీర, నాకు ఒక టేప్ రికార్డరు తెచ్చాడు. ఇంట్లో అందరూ సినిమా పాటల కోసం దాని చుట్టూ మూగితే నా చూపు మాత్రం దాని ఎర్ర బటను మీద పడింది. చప్పుడును పట్టి దాచుకోవచ్చునన్న మాట నాకు మతి పోగొట్టింది. అప్పట్లో మా బాయి బొగ్గును వ్యాగన్లకెత్తే సైడింగులో ఇంకా పొగబండి ఇంజన్లే నడిచేవి. మొదటి షిఫ్టు దిగి, తలకింత నీళ్లు పోసుకుని, రికార్డరు భుజాన తగిలించుకుని సైడింగు పట్టాల పక్కకు నడిచేవాణ్ని. గాలి తగిలితే మైకు బుస్సుమంటుంది గనుక మా ఇంటావిడ పాత చీర ముక్క దానికి చుట్టేవాణ్ని. తీరా బండి దగ్గరికొచ్చే వేళకు ఏదో ఒకటి అడ్డం పడేది. షిఫ్టు సైరను మోగేది, లేదా బసంత్‌నగర్ సిమెంటు లారీ హారను కొట్టుకుంటూ పోయేది, అవేవీ లేకపోతే ఎవరో ఒకరు సైకిలు దిగి "ఏందన్నా, ఏమన్న కొలతలు తీస్తున్నవా?" అని మైకులోకే అడిగేవారు. నాకు ఒళ్లు మండేది. చెరిపి మళ్లీ నింపేవాణ్ని, మళ్లీ చెరిపేవాణ్ని.

చివరికి ఒక ముసురు నాడు దొరికింది. సన్నగా తుంపర పడుతోంది, మనిషి అలికిడి లేదు. నేను ఎర్ర బటను నొక్కి చాలాసేపు నిలబడ్డాక, నిండా బొగ్గుతో ఉన్న వ్యాగన్లను లాగుతూ ఇంజను మలుపు దగ్గర ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. ఒక్కో ఊపిరీ బరువుగా, విడివిడిగా వదులుతూ వస్తుండగా, తడిసిన పట్టాల మీద చక్రాలు ఒక్కసారిగా జారాయి. బండి కదలదు, చక్రాలు మాత్రం ఉన్నచోటే గిర్రున తిరిగి గబగబా కొట్టుకున్నాయి. డ్రైవరు ఆవిరి కట్టేసి, జారకుండా పట్టాల మీద ఇసుక వదిలాడు. ఒక క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత మళ్లీ ఒక్క ఊపిరి, ఇంకొకటి, పట్టు దొరికి బండి మెల్లగా మలుపు దాటి పోయింది. సైరను లేదు, లారీ లేదు, నా దగ్గు కూడా లేదు. ఆ రోజు వానలో తడుస్తూ ఇంటికి వస్తుంటే నా అంత ధనవంతుడు మా గోదావరిఖనిలో లేడనిపించింది.

మా ఈడువాళ్లకు ఇంకో సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో దుబాయి పోయినవాళ్లకు ఉత్తరాలు రాసేంత చదువు చాలా ఇళ్లలో ఉండేది కాదు. అందుకని ఇంటిల్లిపాదీ టేప్ రికార్డరు చుట్టూ కూర్చుని క్యాసెట్లో ముచ్చట్లు నింపి, ఆ దేశం పోయే వాళ్ల సంచిలో పెట్టి పంపేవారు. ఒకనాడు మా వాడకట్టులో ఒకతను దుబాయికి ప్రయాణమయ్యాడు. కబురు తెలిసి మా అత్తగారు వచ్చింది, ఇరుగుపొరుగు వచ్చారు, ఇంట్లో కొత్త క్యాసెట్ లేదు. మా ఇంటావిడ నా క్యాసెట్ తీసి మొదట్లో కాస్త వేసి విని, ఏమీ లేదనుకుని, తమ్మీ మంచిగున్నవా, తింటున్నవా, పానం పైలం అని మొదలుపెట్టి ఊరి సంగతులన్నీ దాని మీదే నింపి పంపేసింది. నేను షిఫ్టు దిగి వచ్చేసరికి క్యాసెట్ లేదు. బస్టాండుకు ఉరికాను, బస్సు పోయింది. ఆమెను నిలబెట్టి అడిగితే నిజంగానే విస్తుపోయింది. "మాటల్లేవ్, పాటల్లేవ్, ఉత్త గాలి చప్పుడే ఉండె. ఖాళీదే అనుకున్న. దానికి గింతగనం ఆగమైతరా?" అంది. అంతా చెరిగిందా అని అడిగితే, పొద్దుగూకే దాకా మాట్లాడామని, రీలు మొత్తం నిండినట్టే ఉందని చెప్పింది.

ఆ తర్వాత ముసురు పట్టినప్పుడల్లా కొత్త క్యాసెట్ పట్టుకుని సైడింగుకు పరుగెత్తాను. అలాంటి బండి మళ్లీ దొరకలేదు. ఇంతలో డీజిలు ఇంజన్లు వచ్చాయి, పొగబండ్లను తీసేశారు. బాయిలో డ్రిల్లు మోతలకు, పేలుళ్లకు నా చెవులు అరుగుతూ వచ్చాయి. ఇంట్లో ఏ చిన్న మాట తేడా వచ్చినా నేను ఆ క్యాసెట్ సంగతి ఎత్తేవాణ్ని, ఆమె మూతి ముడుచుకుని వంటింట్లోకి పోయేది. ఇది మా ఇద్దరి మధ్య తగాదా గనుక బామ్మర్ది ముందు ఎన్నడూ ఎత్తలేదు.

ఆదివారం వచ్చింది. బామ్మర్ది పొద్దున్నే దిగాడు. ముగ్గురం స్టేషను దాటి పట్టాల పక్కకు పోయి నిలబడ్డాం. నింపడానికి ఇప్పుడు ఫోనే ఉంది. మా ఇంటావిడ అడగకుండానే కొంగులోంచి పాత చీర ముక్క తీసి ఫోను మైకు చుట్టూ చుట్టింది. ఎండ మాడ్చేస్తోంది, జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు, అందరి చేతుల్లో ఫోన్లే. నేను ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుతూ పట్టాల చివర చూస్తున్నాను. పొగ కనిపించింది. నల్లటి ఇంజను, మెరిసే ఇత్తడి, దాని నెత్తి మీద తెల్లటి ఆవిరి గుప్పున లేచింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. అది కూత అని నాకు కళ్లతోనే తెలిసింది. చెవికి మాత్రం ఎక్కడో అవతలి ఊళ్లోది అన్నట్టు సన్నటి కీచు ఒకటి తగిలి పోయింది. అరికాళ్ల కింద నేల కాస్త అదిరింది. వెనక నుంచి ఒక డీజిలు ఇంజను తోస్తోంది. చూస్తుండగానే అన్నీ దాటి పోయాయి.

ఇంటికి రాగానే మా ఇంటావిడ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. నేను ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి, "మంది ఒర్లుడే ఉన్నది. ఎనుకనుంచి డీజిలు గుర్రుమంటున్నది. పొగబండి నడుమల ఎక్కడ్నో ఉన్నది, దొరుకుతలేదు" అంది. ఇంకోసారి పెట్టుకుని విని, "నా గొంతు గూడ ఉన్నది. ఇనవడుతున్నదా, ఇనవడుతున్నదా అని నిన్నే అడుగుతున్న. నువ్వు పలుకుతలేవు" అంది. పక్కనే నిలబడి అడిగిన మాట నాకు వినపడలేదు. బండి సంగతి అటుంచి, ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇనుప మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్న బామ్మర్ది నా అవస్థ చూసి గట్టిగా అన్నాడు. "పోనీ బావా, గిదేం బండి. నువ్వు నాకు దుబాయికి పంపిన బండి, గది బండంటే."

నేనేం బండి పంపానయ్యా అన్నాను. అతను ఆశ్చర్యంగా చూశాడు. "అక్క ముచ్చట ఒడిసినంక క్యాసెట్ చివరల ఉండె గద. నాకోసం నువ్వే నింపినవనుకున్న. ఇంటి ముచ్చట్లకు నేనొక్కన్నే ఏడ్సేటోన్ని, బండి చప్పుడుకు రూమంత ఏడ్సేది. శ్రీరాంపూర్ బాయిలకాడోళ్లు, మనోళ్లు, అందరం. రీలు అరిగి తెగేదాంక ఇన్నం. తెగినంక గూడ ఇడువలే, గదే చప్పుడు మంచం మీద నేను కొట్టి ఇనిపించేటోన్ని."

ఇన్నేళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదేమని అడిగాను. "ఏడ్సిన ముచ్చట ఎవలన్న చెప్పుకుంటరా బావా" అన్నాడు.

అని, ఖాళీ అయిన స్టీలు గ్లాసు అడుగుతో మంచం పట్టె మీద కొట్టడం మొదలుపెట్టాడు. చెవికి ఏమీ అందలేదు. నేను వంగి, కప్పుకు ఆనించినట్టు అరచేతిని పట్టె మీద ఆనించాను. ఒక్కో దెబ్బా బరువుగా, విడివిడిగా వచ్చింది. బండి ఎత్తు ఎక్కుతోంది. ఇంకా ఎక్కుతోంది. ఒక్కసారిగా నా అరచేతి కింద దెబ్బలు గబగబా కొట్టుకున్నాయి, చక్రాలు జారాయి. ఆగిపోయింది. ఇసుక వేసినంత సేపు చెయ్యి అలాగే ఎత్తి పట్టుకున్నాడు. మళ్లీ ఒక్కటి. ఇంకొకటి. పట్టు దొరికింది. అది నా బండే, ఆ ముసురు నాటిదే, ఎక్కడా ఒక్క ఊపిరి తప్పిపోలేదు.

మా ఇంటావిడ గుమ్మంలోంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి, "ఇనవడుతున్నదా?" అని అడిగింది. ఇనవడుతున్నదని చెప్పాను. "మరి గిన్నేండ్ల సంది చెరిపినవ్ చెరిపినవ్ అని నన్ను సంపితివి గద" అని నా భుజం మీద ఒక్కటి చరిచి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు సైడింగు ఉన్న చోట సర్కారు తుమ్మలు మొలిచాయి, దుంగలు నిలబెట్టే బాయిలు ఒక్కొక్కటే మూతపడి పెద్ద పెద్ద గుంతలు తవ్వే పని నడుస్తోంది. క్యాసెట్లో ముచ్చట నింపి పంపేవాళ్లు ఎవరూ లేరు. ఎంత దూరదేశంలో ఉన్నా ఫోన్లో మొహం చూపించి, తిన్నావా అంటే తిన్నానని పెట్టేస్తున్నారు. ఒక్క క్యాసెట్‌ను రీలు అరిగిపోయే దాకా గదిలో అంతమంది విన్న కాలం మళ్లీ రాదు. నా వినికిడి డాక్టరు చెప్పినట్టే రోజురోజుకూ తగ్గుతోంది. బామ్మర్ది కూడా పెద్దవాడయ్యాడు, మోకాళ్ల నొప్పులతో మంచిర్యాల నుంచి మాటిమాటికీ రాలేడు. అందుకని మా ఇంటావిడ అతని దగ్గర ఆ బండి నేర్చుకుంది. పగటి పూట పని తీరాక గ్లాసు పట్టుకుని నా మంచం పక్కన కూర్చుంటుంది. ఎత్తు బాగానే ఎక్కిస్తుంది, చక్రాలు కూడా జారుస్తుంది. ఇసుక వేసే చోటే ఆగలేక ఇంకా తొందరపడుతుంది.