రంపపు పొట్టులో పెట్టె చేప: జమ్మలమడుగు నుంచి పులివెందులకు

పులివెందులలో ఒక బడి. సైన్సు టీచరు ఉద్యోగం కోసం మధ్యాహ్నం రెండింటికి అక్కడ పాఠం చెప్పి చూపించాలి. నలుగురిలో నాకు నోరు పెగలదు. చేతిలో ఏదైనా వస్తువు ఉంటే మాట వస్తుందనిపించింది. జమ్మలమడుగులో ఉన్న మా పాత టీచరమ్మ దగ్గర ఎండబెట్టిన పెట్టె చేప ఉంది, అరచేతిలో పట్టే సముద్రపు చేప. మా ప్రొద్దుటూరులో ఎనిమిదింటికి జమ్మలమడుగు బస్సెక్కాను; ముప్పావుగంట ప్రయాణం. "రెక్కలు కాగితం మాదిరి ఉంటాయి, తడి తగలనీయొద్దు" అని ఆమె జాగ్రత్త చెప్పింది. బస్టాండు పక్కన కోత మిల్లులో రంపపు పొట్టు అడిగి, చిన్న స్టీలు బకెట్లో నింపి, నడుమ చేపను పెట్టి, పైన గుడ్డ కట్టాను. మిల్లాయన నన్ను ఎగాదిగా చూశాడు.

పదిన్నరకు పులివెందుల బస్సు. రెండు గంటల దారి. ఎన్నికల నెల కావడంతో ముద్దనూరు దాటాక పోలీసులు ఆపారు. గుడ్డ విప్పిన కానిస్టేబులు రెండడుగులు వెనక్కి వేశాడు. "అందరూ దిగండి!" నిమిషంలో బస్సు ఖాళీ. బకెట్ రోడ్డు పక్కన, దాని దగ్గర నేను.

"పొట్టులో ఏం పెట్టినావు పాపా?" అన్నాడు కానిస్టేబులు.

"చేప సార్."

"ఎవురికి చెప్తాండావు? బకెట్లో పొట్టు పోసి పెట్టుకొని తిరిగేది నాటు బాంబులు!"

"నీళ్లు పోయండి సార్, పీడ పోతాది," అన్నాడు కండక్టరు దూరం నుంచి. ఎవరో బిందె తెచ్చారు.

నీళ్లు పడితే చేప పోతుంది, ఉద్యోగమూ పోతుంది. "వద్దు! నేనే తీస్తా." అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. పొట్టులో చెయ్యి పెట్టి చేపను పైకి తీశాను.

"ఇదేంది, చేపనా డబ్బానా?" అన్నాడు కానిస్టేబులు.

చెప్పాను. ఆరు పలకల ఎముక బిళ్లలు అతుక్కుని పెట్టె అయిందని. ఒళ్లు వంచలేదని. నోరు, కళ్లు, రెక్కలు, తోక మాత్రమే సందుల్లోంచి కదులుతాయని.

"మా ఊరి పెద్దాయన మాదిరే ఉందే," అంది రోడ్డు పక్కన గొర్రెలు కాస్తున్న అవ్వ. "శానా గట్టిగా ఇల్లు కట్టుకున్యాడు, బయటికి మెడ తిప్పలేడు." కానిస్టేబులు కూడా నవ్వాడు.

ఒకటీ నలభైకి బడికి చేరాను. తరగతిలో బకెట్ మీది గుడ్డ విప్పగానే ముందు బెంచీ పిల్లలు చప్పుడు లేకుండా లేచి, సంచులతో సహా వెనక గోడ దగ్గరికి వెళ్లారు. వాళ్లలో చిన్నదానికి ఎనిమిదేళ్లుంటాయి. ఎవరూ ఏడవలేదు, అదేమిటని ఎవరూ అడగలేదు. పాఠం బాగా వచ్చింది, సోమవారం చేరమన్నారు. ఈ జిల్లాలోనే పుట్టినా కాన్వెంటు గోడల మధ్య పెరిగిన నాకు తెలియనిది, బకెట్లో పొట్టు కనిపిస్తే ఏం చేయాలో, ఆ పిల్లలకు తెలుసు. పాఠం మొదలుపెట్టడానికి ముందు, చేపను చేతిలో పట్టుకుని వాళ్లను తిరిగి బెంచీల్లో కూర్చోమని పిలవాల్సి వచ్చింది.

ఈ దారిలో పగిలే వస్తువు తెచ్చేవాళ్లు దూది చుట్టి, లోపలిది బయటికి కనిపించే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఎక్కేటప్పుడే కండక్టరుకు చూపించండి.