అంచులో పొట్టి గోపురం

ఆరేళ్లుగా ఒకే సంగతి మీద బొమ్మలు వేస్తున్నాను. కొల్లాపూర్ దగ్గర ఒక మామిడితోట షెడ్డులో శనివారం రాత్రుళ్లు మేం డ్యాన్సు చేస్తాం. మేమంటే మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లం. కొందరు చీర కట్టుకుంటారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి బైకుల మీద చేరతాం. ఒక స్పీకరు, రెండు లైట్ల దండలు, అంతే.

నేను సివిల్ డిప్లొమా చదివి కాలువల సర్వే పని చేస్తాను. ప్రతి బొమ్మకూ ముందు ఒక పట్టిక రాసుకుంటాను: దీపాలెన్ని, ఎవరు ఎటు తిరిగారు, ఏ బట్ట ఏ రంగు.

హైదరాబాదులో నాలుగు గ్యాలరీలు తిరిగాను. "పాలమూరు పిల్లగానివి, కరువు వెయ్యరాదు? వలస వెయ్యి" అన్నాడొకాయన. ఇంకొకామె ముఖాలు కావాలంది. ముఖాలు వేయను. గద్వాల నేతింటి మిత్రుడికి ఇచ్చిన మాట అది.

"మొహం కనవడొద్దురా. ఇంట్ల తెలిస్తే నాకు మగ్గం లేదు, ఇల్లు లేదు" అన్నాడు వాడు, వాళ్లమ్మ నేసిన చీర కట్టుకుని తిరుగుతూ. అందుకే వీపు వేశాను. అంచు మాత్రం ఫోన్లో ఫొటో పెద్దది చేసి, పోగు పోగూ దించాను.

పోయిన నెల వనపర్తి చేనేత ప్రదర్శనలో ఒక మూల బొమ్మలు వేసేవాళ్లకిచ్చారు. నిర్వాహకుడు నన్నడక్కుండానే ఆ చీర ఉన్న నా బొమ్మ కింద 'బరాత్' అని రాసి తగిలించాడు. వచ్చినవాళ్లు "ఎవరి పెండ్లి?" అని అడిగిపోయారు. ఆరేళ్ల పని పెళ్లి ఊరేగింపైంది. ఒళ్లు మండింది. అయినా దించలేదు. గోడెక్కిన నా మొదటి బొమ్మ అది.

మధ్యాహ్నం చీరల స్టాలు నుంచి ఒకామె టీ గ్లాసుతో వచ్చింది. బొమ్మలో మనుషుల్ని చూడలేదు. వంగి, అంచు మీది గోపురాల వరుసను వేలితో లెక్కపెట్టింది.

"ఇది నేను నేసిన చీర."

"గద్వాల చీరలన్నీ ఒక్కతీర్గనే ఉంటయి కదమ్మా."

"ఒక్కతీర్గనా? ఈ గోపురం సూడు, పొట్టిగున్నది. ఆ దినం నాకు జరం. సావుకారి తిప్పి పంపిండు. పెట్టెల వెట్టిన చీర నీకెట్ల కనవడ్డది?"

"ఊహించి వేసినమ్మా."

"ఊహల నా తప్పు ఎట్లొస్తది బిడ్డా?"

గద్వాలలో ముఖం కంటే ముందు అంచు చూస్తారు. నా పట్టికలో అది లేదు.

ఆమె ఆ వీపును చాలాసేపు చూసింది. టీ చల్లారిపోయింది. "రంగులున్నయా? ఆ పొట్టిదాన్ని సరిజెయ్. రేపు మా వాడకట్టోళ్లు వస్తరు, వాళ్లకూ కండ్లున్నయి" అంది.

సన్న కుంచెతో సరిచేశాను. అయ్యేదాకా నా పని ఎవరికీ కనిపించకుండా ఆమె అడ్డంగా నిలబడింది.

"మావాడు కొంగు వేసుకునుడు గూడ నా లెక్కనే" అంది వెళ్తూ. "నేను సూసిన్నని వానికి చెప్పకు. వాడే చెప్పాలె."

వాళ్లమ్మ నా బొమ్మ ముందు నిలబడిందని మిత్రుడికి ఎవరో చేరవేశారు. 'మాట తప్పినవ్' అని మెసేజ్ పెట్టాడు. నాలుగు శనివారాలుగా షెడ్డుకు రావడం లేదు. ఫోను ఎత్తడు. కొడుకు చెబుతాడని ఆమె, అమ్మకు తెలియకూడదని వాడు. 'మీ అమ్మ' అని టైపు చేస్తాను. చెరిపేస్తాను.